వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ కొత్తగా మొదలుపెడుతున్నారా? క్లాసు సంగతి చివర్లో చూడండి

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ తెరవగానే ఆట అడిగే ప్రశ్నలు మూడు: ఏ పక్షం, ఏ జాతి, ఏ క్లాసు (అంటే మీ పాత్ర పోరాడే తీరు)? కొత్తవాళ్లు చాలామంది ఆ తెర ముందే గంటసేపు కూర్చుంటారు. రెక్కల డ్రాక్థిర్ జాతినో కొమ్ముల డీమన్ హంటర్ క్లాసునో చూసి మురిసిపోయి, సర్వర్ దగ్గరకొచ్చేసరికి కంటికి ముందు కనబడ్డ పేరు నొక్కేస్తారు. నెల తిరిగాక తెలుస్తుంది, తమతో ఆడదామనుకున్నవాళ్లు ఇంకో ఖండంలో ఉన్నారని.

నా మాట వింటే ఈ వరస తిరగేయండి. ఎవరితో, ఏ వేళకు ఆడతారో ముందు తేల్చుకోండి. తర్వాత పక్షం, ఆ తర్వాత జట్టులో మీ పని. క్లాసు అన్నిటికన్నా చివర.

ఈ మార్గదర్శి ఆట ప్రధాన రూపానికి, అంటే ఆటగాళ్లు ‘రిటైల్’ అని పిలిచేదానికి మాత్రమే. అదే చందాతో ‘క్లాసిక్’ (ఆట పాత రూపం) కూడా ఆడుకోవచ్చు గానీ అక్కడి నియమాలు వేరు, ఓపిక వేరు.

1. సర్వర్, గడియారం

మనదేశంలో ఈ ఆటకు సర్వర్ లేదు. హైదరాబాద్‌లో కూర్చున్నా విశాఖలో కూర్చున్నా మీరు నొక్కిన ప్రతి మీటా సముద్రం దాటి వెళ్లాల్సిందే. మనవాళ్లకు దారులు మూడు: అమెరికా, యూరప్, ఓషియానిక్. ఈ ఓషియానిక్ అమెరికా ప్రాంతంలో భాగమే, కానీ యంత్రాలు 2014 నుంచి సిడ్నీలో ఉన్నాయి. ఫ్రాస్ట్‌మోర్న్, బార్తిలాస్ అలాంటి సర్వర్లే.

అందరూ పింగ్ (మీ మీట సర్వర్‌కు చేరి జవాబు తిరిగొచ్చేందుకు పట్టే మిల్లీసెకన్లు) గురించి అడుగుతారు, గడియారం గురించి ఎవరూ అడగరు. గిల్డులు (కలిసి ఆడేవాళ్ల సంఘాలు) రెయిడ్‌కు (పెద్ద జట్టుగా చేసే దాడికి) కూర్చునేది సాధారణంగా వాళ్ల రాత్రి వేళ. సిడ్నీలో రాత్రి ఎనిమిదంటే మనకు మధ్యాహ్నం మూడున్నర, వాళ్ల వేసవిలోనైతే రెండున్నర. ఉద్యోగస్తులకు శని, ఆదివారాలు తప్ప కుదరదు. పారిస్‌లో రాత్రి ఎనిమిదంటే మనకు వేసవిలో పదకొండున్నర, చలికాలంలో అర్ధరాత్రి దాటి పన్నెండున్నర. న్యూయార్క్‌లో రాత్రి ఎనిమిదికి మనకు తెల్లవారుజామున ఐదున్నరో ఆరున్నరో అవుతుంది. పొద్దున్నే లేచే అలవాటుండి, న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో బావమరిదో పాత రూమ్మేటో ఉంటే అమెరికా సర్వర్ నిజంగానే బాగుంటుంది. ఆఫీసుకు వెళ్లేలోపు ఒక డంజన్ (ఐదుగురు కలిసి చేసే చిన్న దాడి) అయిపోతుంది. రాత్రి మేలుకునేవాళ్లకు యూరప్. గిల్డూ రెయిడూ వద్దు, నా కథ నేను ఆడుకుంటానంటారా, పింగ్ తక్కువ వచ్చిన చోట చేరండి.

ఈ నిర్ణయం ముందే ఎందుకంటే, అమెరికా ప్రాంతంలో పెంచిన పాత్రను డబ్బు కట్టినా యూరప్‌కు తరలించలేరు. ఆట కొనుగోలు, చందా కూడా ప్రాంతానికి ప్రాంతం వేరు. ఒకే ప్రాంతంలో ఒక సర్వర్ నుంచి మరోదానికైతే రుసుం కట్టి మారొచ్చు.

పింగ్ భయం కొంత తగ్గించుకోండి. ఇందులో ఒక మంత్రానికీ మరో మంత్రానికీ మధ్య మామూలుగా ఒకటిన్నర సెకన్ల విరామం ఉంటుంది. ఆ విరామం ముగియడానికి 400 మిల్లీసెకన్ల ముందు మీట నొక్కినా ఆట దాన్ని వరుసలో పెట్టుకుని సమయానికి వదులుతుంది. అందుకే పింగ్ 200 ఉన్నా డంజన్లు, రెయిడ్లు హాయిగా ఆడొచ్చు. ఇబ్బంది ఎదుటివాడి మంత్రాన్ని మధ్యలో ఆపాల్సిన చోట, మనుషులతో మనుషులు తలపడే అరీనాల్లో వస్తుంది. తెరమీది మెనూ బొత్తాం మీద మౌస్ పెడితే మీ పింగ్ కనిపిస్తుంది. మీరు ఆడబోయే వేళకే చూసుకోండి. పొద్దున చూసిన అంకె రాత్రికి పనికిరాదు.

2. డబ్బు, కంప్యూటరు

20వ లెవెల్ దాకా ఉచితం. ఆ ఉచిత ఖాతాలో గిల్డులో చేరలేరు, వేలంశాల వాడలేరు, వెయ్యి బంగారు నాణేలకు మించి దాచలేరు. అయినా ఆట మీకు నప్పుతుందో లేదో తెలుసుకోవడానికి అది చాలు. తర్వాత నెలవారీ చందా కట్టాలి. అమెరికాలో అది 14.99 డాలర్లు. కార్డుతో కట్టేముందు బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలు ఆన్ చేసుకోండి. చెల్లింపు తిరిగొచ్చే గొడవల్లో చాలావాటికి కారణం అదే. చందాలో పాత విస్తరణలన్నీ (ఆటకు ఏళ్ల తరబడి చేర్చిన కొత్త భాగాలు) కలిసే వస్తాయి. సరికొత్త విస్తరణ ఒక్కటే విడిగా కొనాలి. గరిష్ఠ లెవెల్‌కు దగ్గరపడేదాకా దాని జోలికి పోకండి.

విండోస్ అయినా మ్యాక్ అయినా పర్వాలేదు. ఫోన్లో ఈ ఆట లేదు. వంద జీబీకి పైగా ఖాళీ ఉన్న ఎస్‌ఎస్‌డీ కావాలి. పాత హార్డ్ డిస్క్ మీద పెడితే నగరంలో అడుగుపెట్టిన ప్రతిసారీ గోడలు వచ్చేదాకా ఎదురుచూస్తూ కూర్చోవాలి.

3. అలయన్సా, హోర్డా

2004 నవంబరు 23న ఈ ఆట విడుదలైనప్పుడు రెండు పక్షాల మధ్య గోడ నిజమైన గోడే. అలయన్స్‌లో మనుషులు, మరుగుజ్జులు, నోమ్‌లు, నైట్ ఎల్ఫ్‌లు. హోర్డ్‌లో ఆర్క్‌లు, టారెన్‌లు, ట్రోల్‌లు, అన్‌డెడ్‌లు. పాలడిన్ క్లాసు అలయన్స్‌కే సొంతం, షామన్ క్లాసు హోర్డ్‌కే సొంతం. 2007లో ‘ది బర్నింగ్ క్రూసేడ్’ విస్తరణతో డ్రెనై, బ్లడ్ ఎల్ఫ్ జాతులు వచ్చి ఆ కట్టు తెగింది. అవతలి పక్షంవాడు ఎదురై పలకరిస్తే తెరమీద అర్థంకాని అక్షరాలు వస్తాయి. హోర్డ్‌వాడు ‘లోల్’ అని టైప్ చేస్తే అలయన్స్‌వాడికి ‘కెక్’ అని కనబడేది. ఆ కెక్ ఆట దాటి బయట కూడా పాకింది.

ఇప్పుడా గోడకు చాలా తలుపులున్నాయి. 2022లో వచ్చిన 9.2.5 ప్యాచ్‌తో (అంటే ఆటకు చేసిన మార్పుల విడతతో) రెండు పక్షాలవాళ్లు కలిసి జట్టుకట్టి డంజన్లకు, రెయిడ్లకు వెళ్లే వీలొచ్చింది. 2023 మే నెలలో 10.1తో ఒకే గిల్డులో కూడా ఉండొచ్చన్నారు. అందుకే స్నేహితుడు హోర్డ్, నేను అలయన్స్ అని జుట్టు పీక్కోనక్కర్లేదు. పక్షం ఇంకా పట్టు వదలనిది రాజధానుల దగ్గర, కథలో, బయటి ప్రపంచంలో జరిగే కొట్లాటలో. అలయన్స్ రాజధాని స్టార్మ్‌విండ్, తెల్లరాతి కోట. హోర్డ్ రాజధాని ఆర్‌గ్రిమ్మార్, ఎర్రటి లోయలో ఇనుప కొమ్ములు పాతిన ఊరు. వందల గంటలు అక్కడే తిరుగుతారు కాబట్టి, ఏ ఊరు చూస్తే మీకు మనసొప్పుతుందో అదే తీసుకోండి. ఇంతకన్నా గట్టి కారణం వెతకడం దండగ.

జాతుల వల్ల వచ్చే బలాలు చిన్నవి. ఒంటరిగా తిరిగేవాళ్లకు నైట్ ఎల్ఫ్ ‘షాడోమెల్డ్’ అక్కరకొస్తుంది. నిలబడ్డచోటే మాయమై వెంటపడ్డ జంతువును తప్పించుకోవచ్చు. పాండారెన్, డ్రాక్థిర్ లాంటి జాతులు ఏ పక్షంలోనైనా చేరతాయి.

4. జట్టులో మీ పని

డంజన్ జట్టులో ఐదుగురు: దెబ్బలు కాచుకునే ట్యాంక్ ఒకరు, ప్రాణం పోసే హీలర్ ఒకరు, శత్రువును కొట్టే డీపీఎస్‌లు ముగ్గురు. డీపీఎస్‌గా వరుసలో నిలబడితే ఎదురుచూపు ఎక్కువ. ట్యాంక్‌కు పిలుపు తొందరగా వస్తుంది. అది చూసి మొదటి పాత్రనే ట్యాంక్‌గా పెట్టుకోకండి. దారి తెలియని ట్యాంక్ వెనక నలుగురు తెలిసినవాళ్లు నిలబడి ఉంటారు. వాళ్ల మాటలు అన్నివేళలా మర్యాదగా ఉండవు.

నా సలహా: డీపీఎస్‌తో మొదలుపెట్టండి, కానీ అవసరమైతే ట్యాంక్‌గానో హీలర్‌గానో మారగలిగే క్లాసు తీసుకోండి. ఒక క్లాసులోని స్పెషలైజేషన్ల (శాఖల) మధ్య పోరాటంలో లేనప్పుడు ఖర్చు లేకుండా మారొచ్చు. మేజ్, వార్లాక్, రోగ్, హంటర్ క్లాసులకు ట్యాంక్‌గానో హీలర్‌గానో మారే వెసులుబాటు లేదు. తర్వాతి కాలంలో చేర్చిన నాలుగు క్లాసులకూ ఉంది.

5. ఇప్పుడు క్లాసు

మొదట్లో తొమ్మిది క్లాసులుండేవి. తర్వాత చేరినవి నాలుగు.

డెత్ నైట్ 2008లో ‘రాత్ ఆఫ్ ది లిచ్ కింగ్’తో వచ్చింది. అప్పట్లో 55వ లెవెల్ పాత్ర ఒకటి ఉంటేనే దీన్ని తెరవనిచ్చేవారు. దీని ఆరంభకథ ఈ ఆటలోని మంచి కథల్లో ఒకటి. లిచ్ కింగ్ అనే దుష్టరాజు చేతికింద ఊళ్లు తగలబెట్టి, చివరికి అతని పట్టు నుంచి బయటపడి, క్షమాభిక్ష కోరుతూ రాజధానికి నడిచి వెళ్తారు. దారిపొడవునా ఊరివాళ్లు కుళ్లిన పండ్లు విసురుతారు. అది హడావుడిగా దాటేయకండి. ఆటతీరు చూస్తే, ఆరు రూన్‌లు (దెబ్బలకు ఖర్చయ్యే శక్తి గుర్తులు) ఉంటాయి. వాడినకొద్దీ ఖాళీ అయి మెల్లగా నిండుతాయి. ‘డెత్ గ్రిప్’తో దూరంగా ఉన్నవాణ్ణి మెడపట్టి దగ్గరకు లాగొచ్చు. ‘డెత్ స్ట్రైక్’ ఇటీవల తిన్న దెబ్బల్లో కొంత తిరిగి ప్రాణంగా ఇస్తుంది. ఒంటరిగా ఆడేవాడికి బ్లడ్ స్పెషలైజేషన్ చాలా నమ్మకమైనది, ఓ పట్టాన చావదు. లోటల్లా కదలిక. అందరూ ఎగిరి దూకి తప్పించుకునే చోట మీరు నడిచి వెళ్తుంటారు.

మాంక్ 2012లో ‘మిస్ట్స్ ఆఫ్ పాండారియా’తో వచ్చింది. ఒకే క్లాసులో మూడు పనులూ ఉంటాయి. విండ్‌వాకర్ కొడుతుంది, మిస్ట్‌వీవర్ ప్రాణం పోస్తుంది, బ్రూమాస్టర్ కాచుకుంటుంది. బ్రూమాస్టర్ దెబ్బ తినే తీరు అచ్చం ఈఎంఐ లాంటిది: రాక్షసుడు కొట్టింది మొత్తం ఒకేసారి పడదు, కొంత వాయిదాల్లో కడతారు, బాకీ పెరిగిపోతే ఒక గుక్క సారా తాగి కొంత మాఫీ చేయించుకుంటారు. సరదాగా ఉంటుంది గానీ బాకీ మీద కన్ను తీయకూడదు. విండ్‌వాకర్, బ్రూమాస్టర్‌లకు మీటల మధ్య విరామం ఒక సెకనే. దాంతో చేతికి పని ఎక్కువ, పింగ్ ఎక్కువున్నవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది. మీ నెట్ కుంటుతుంటే మిస్ట్‌వీవర్ మేలు.

డీమన్ హంటర్ 2016 నాటి ‘లెజియన్’ది. మొదట నైట్ ఎల్ఫ్, బ్లడ్ ఎల్ఫ్ జాతులకే ఇచ్చారు. గాల్లో రెండోసారి దూకడం, రెక్కలు చాపి తేలడం దీని సొత్తు. ఒకసారి అలవాటైతే వేరే పాత్రతో మెట్లు దిగడం కూడా విసుగనిపిస్తుంది. హావక్‌తో కొట్టడం, వెంజెన్స్‌తో కాచుకోవడం. నొక్కాల్సిన మీటలు తక్కువ. కొత్తవాళ్లకు నాలుగింట్లో నేను ముందు చెప్పేది ఇదే.

ఎవోకర్ 2022లో ‘డ్రాగన్‌ఫ్లైట్’తో వచ్చింది. డ్రాక్థిర్ జాతికే దక్కిన క్లాసు. కొన్ని మంత్రాలకు మీట నొక్కి పట్టుకోవాలి. పట్టినకొద్దీ బలం పెరుగుతుంది, ఎక్కడ వదలాలో మీ ఇష్టం. ‘హోవర్’ వేసుకుంటే కదులుతూనే మంత్రాలు వేయొచ్చు. చూడ్డానికి దూరం నుంచి కొట్టే క్లాసే అయినా, మేజ్‌కు నలభై గజాల దాకా అందితే డెవస్టేషన్ ఎవోకర్‌కు అందేది ఇరవై ఐదు గజాలే. కొత్తవాళ్లు వెనక నిలబడి ‘అందట్లేదేంటి’ అని గింజుకునేది ఇందుకే. ప్రిజర్వేషన్ హీలర్. 2023 జులైలో మూడోది ఆగ్మెంటేషన్ చేర్చారు. తాను కొట్టేదానికన్నా పక్కవాళ్ల దెబ్బకు బలం పెంచడం దాని పని. తెలిసిన జట్టు ఉంటేనే దాని విలువ బయటపడుతుంది. మొదటి పాత్రగా అసలు వద్దు.

డెత్ నైట్, డీమన్ హంటర్, ఎవోకర్ ఒకటో లెవెల్‌లో మొదలుకావు. కొంత ముందుకెళ్లి, గుప్పెడు మీటలు చేతిలో పెట్టి వదులుతారు. ఆటే కొత్తయితే అది తికమక. ఏదో ఒక పాత క్లాసుతో పదో లెవెల్ దాకా వెళ్లి చూసి, అప్పుడు వీటికి రండి. ఆ పదీ హంటర్‌తో గడిపితే సుఖం. పెంపుడు జంతువు ముందుండి దెబ్బలు కాస్తుంది, మీరు నడుస్తూనే బాణాలు వేయొచ్చు.

6. మొదటి పది లెవెళ్లు, ఆ పైన

కొత్త ఖాతా పాత్రలు ‘ఎక్సైల్స్ రీచ్’ అనే దీవిలో దిగుతాయి. 2020 నుంచి ఉన్న శిక్షణ ప్రాంతం ఇది. కదలడం, కొట్టడం, క్వెస్ట్ (ఆట ఇచ్చే పని) పూర్తిచేసి అప్పగించడం వరసగా నేర్పి, చివర్లో ఒక చిన్న డంజన్ చూపించి పదో లెవెల్‌కు రాజధానిలో వదులుతుంది. స్పెషలైజేషన్ ఎంచుకునేది అక్కడే. చనిపోతే కంగారు పడకండి. ఆత్మగా శ్మశానంలో లేచి, మీ శవం దగ్గరకు పరుగెత్తి మళ్లీ బతుకుతారు. కవచానికి కాస్త మరమ్మతు ఖర్చు, అంతే.

పదో లెవెల్ తర్వాత దారి చెదిరిపోతుంది. ఇరవై ఏళ్లలో పోగుపడ్డ విస్తరణలన్నీ ఒక్కసారి పిలుస్తాయి. రాజధానిలో క్రోమీ అనే నోమ్ రూపంలోని కాలడ్రాగన్ ఉంటుంది. ఏ విస్తరణలో పెరుగుతారో ఆమెతో చెప్పండి. అక్కడి శత్రువులు మీ లెవెల్‌కు తగ్గట్టు మారతారు. ఒకటే పట్టుకుని చివరిదాకా సాగండి. నాకైతే ‘లెజియన్’ ఇష్టం. ప్రతి క్లాసుకూ సొంత స్థావరం, సొంత ఆయుధకథ ఉన్నాయి, డీమన్ హంటర్‌కైతే సొంతింటికి వెళ్లినట్టే. గరిష్ఠ లెవెల్ విస్తరణతో పాటు పెరుగుతుంటుంది. 2024 నాటి ‘ది వార్ వితిన్’లో అది 80.

దారిలో మూలికలు ఏరడం, ఖనిజం తవ్వడం అనే రెండు వృత్తులు నేర్చుకోండి. పెట్టుబడి లేకుండా బంగారం వస్తుంది. వస్తువులు తయారుచేసే వృత్తుల సంగతి తర్వాత చూడొచ్చు.

7. మీటలు

మౌస్‌తో బొమ్మల మీద నొక్కుతూ ఆడే అలవాటు మొదటి వారంలోనే మానేయండి. ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు, క్యూ, ఈ, ఆర్, ఎఫ్, వాటికే షిఫ్ట్ కలిపి పెట్టుకుంటే ఎడమచేతికి కావలసినంత పని. శత్రువు మంత్రాన్ని ఆపే మీట ఏ క్లాసుకైనా చూపుడువేలికి దగ్గరలో ఉండాలి. తెర అమరిక మార్చుకోవడానికి ఆటలోనే ‘ఎడిట్ మోడ్’ ఉంది. ప్రాణం పట్టీని తెర మధ్యకు లాక్కోండి. 2025లో వచ్చిన 11.1.7 ప్యాచ్ నుంచి తర్వాత ఏ మీట నొక్కాలో వెలిగించి చూపే సాయం కూడా ఆటే ఇస్తోంది. ఒకే మీటతో అన్నీ వేయించుకునే ఏర్పాటూ ఉంది గానీ దానికి వేగంలో కాస్త కోత పడుతుంది. వెలుగు చూసి మీరే నొక్కడం నేర్చుకుంటే చేయి తిరుగుతుంది.

8. మొదటి డంజన్

సిగ్గుపడేవాళ్లకు ఒక మంచి దారి: 2024 జనవరిలో వచ్చిన ‘ఫాలోయర్ డంజన్’. మీతో వచ్చే నలుగురూ ఆట నడిపే పాత్రలే. మీరు ఆగి చదువుకున్నా ఎవరూ ఏమీ అనరు. ట్యాంక్ నేర్చుకోవాలన్నా, హీలర్ చేయి పట్టాలన్నా ఇక్కడే మొదలుపెట్టండి.

మనుషులతో వెళ్లినప్పుడు మర్యాదలు కొన్నే. ట్యాంక్ కన్నా ముందు పరుగెత్తొద్దు. కాళ్ల కింద నేల మెరిస్తే పక్కకు జరగండి. ఆ మంటలో నిలబడి చచ్చినవాణ్ణి కాపాడే పూచీ హీలర్‌ది కాదు. కొత్తైతే మొదట్లోనే ‘మొదటిసారి’ అని ఒక్క మాట రాయండి. చాలాచోట్ల ఆ మాటతో జట్టు మెత్తబడుతుంది.

9. అవతలి పక్షంతో కొట్లాట

బయటి ప్రపంచంలో అవతలివాళ్లు మిమ్మల్ని చంపగలగాలంటే ‘వార్ మోడ్’ ఆన్ చేసుకోవాలి. 2018 నుంచి ఇది ఎవరి ఇష్టం వారిది. రాజధానికి వెళ్లి మీట తిప్పాలి. ఆన్ చేస్తే అనుభవ పాయింట్లు కాస్త ఎక్కువొస్తాయి. ఆ ఎర చూసి లెవెల్ పెంచే దశలో ఆన్ చేసుకోవద్దు. గరిష్ఠ లెవెల్‌వాడు ఒకడు కాపుకాస్తే ఆ లాభమంతా శవం దగ్గరకు పరుగెత్తడంలోనే పోతుంది.

పోరు రుచి చూడాలంటే బ్యాటిల్‌గ్రౌండ్లు (రెండు జట్లు తలపడే మైదానాలు) నయం. వార్‌సాంగ్ గల్చ్‌లో పదిమందికి పదిమంది, జెండా ఎత్తుకురావడం. ఆరాతి బేసిన్‌లో పదిహేనుమందికి పదిహేనుమంది, ఐదు స్థావరాలు పట్టడం. ఆల్టరాక్ వ్యాలీలో నలభైకి నలభై, జాతర. కొత్తవాళ్లు ఆరాతితో మొదలుపెట్టి ఒక స్థావరానికి కాపలా కాయండి. అందరూ గుంపుగా రోడ్డు మీద కొట్టుకుంటుంటే గెలిపించేది జెండా దగ్గర నిలబడి ‘ఇద్దరొస్తున్నారు’ అని రాసేవాడే. డెత్ నైట్‌కు ఇక్కడ పండగ. ఆరాతిలోని లంబర్ మిల్ కొండ అంచున నిలబడి ‘డెత్ గ్రిప్’తో లాగండి, పైకొచ్చిన శత్రువును కింద పడేయగల స్నేహితుడు పక్కనుంటే చాలు.

10. గిల్డు, ఖాతా భద్రత

గిల్డు వెతికే కిటికీ ఆటలోనే ఉంది. పేరు చూసి కాదు, రెయిడ్ వేళలు చూసి అడగండి. చేరేముందు భారత కాలమానంలో ఎన్నింటికో లెక్కగట్టుకోండి. గడియారం గంట ముందుకో వెనక్కో జరిగే నెలల్లో మీరు వస్తారా రారా ముందే చెప్పండి. అమెరికా, ఓషియానిక్ సర్వర్లలో వారం తిరిగేది (రెయిడ్లు మళ్లీ కొత్తగా తెరుచుకునేది) మంగళవారం, యూరప్‌లో బుధవారం. ఆ రోజుల్లో గిల్డు సందడిగా ఉంటుంది, కొత్తవాళ్లను కూడదీసుకునేదీ అప్పుడే.

ఖాతాకు ఆథెంటికేటర్ (లాగిన్‌కు రెండో ధ్రువీకరణ అడిగే ఏర్పాటు) మొదటిరోజే పెట్టండి. చౌకగా బంగారం అమ్ముతామని చాట్‌లో వచ్చేవాళ్లను నివేదించి వదిలేయండి. కొన్నవాళ్ల ఖాతాలు కూడా మూసేస్తారు. బంగారం కావాలంటే ఆట నడిపే సంస్థే అమ్మే టోకెన్ 2015 నుంచి ఉంది. డబ్బు పెట్టి కొని వేలంశాలలో బంగారానికి అమ్ముకోవచ్చు. బంగారం దండిగా ఉన్నవాళ్లు అదే టోకెన్ కొని ముప్పై రోజుల ఆటకాలంగా మార్చుకుంటారు. మూలికలు ఏరుతూ చందా మొత్తం అలాగే కట్టేసేవాళ్లున్నారు. టోకెన్ ధర పూటపూటకూ మారుతుంది కాబట్టి గడువు ఆఖరి రోజుదాకా ఆగకండి, తగ్గినప్పుడే కొని సంచీలో పెట్టుకోండి.